ముక్కు ఆరాకే ముహూర్తం

చింతపల్లి సెంటర్లో సర్వీసు జీపులు వరసగా నిలబడి ఉంటాయి. చలికాలం వచ్చిందంటే జనం మిగతావాటిని దాటుకుని వచ్చి ముందు నా జీపే ఎక్కేవారు. గొప్పలు పోతున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి, అది గొప్ప విషయమే. లంబసింగి మంచు చూడ్డానికి మైదానం నుంచి జనం తెల్లారకుండానే కార్లేసుకుని వస్తారు. ఫొటోలు దిగి, టీ తాగి, అబ్బో చలి అనుకుంటూ దిగిపోతారు. మాకు ఆ మంచులోనే సంతకి వెళ్ళాలి, ఆసుపత్రికి వెళ్ళాలి, కాఫీ బస్తాలు దించాలి.

అందుకే నేను నా జీపుకి చుట్టూ మందపాటి టార్పాలిన్ పరదాలు కుట్టించాను. పక్కలకీ వెనక్కీ మాత్రమే కాదు, డ్రైవరు వైపు కూడా ఒకటి పెట్టించాను. పరదాలు దించి తాళ్ళు బిగిస్తే లోపలికి చీమ దూరడానికి కూడా సందుండదు. మనుషులు, కోళ్ళు, అల్లం మూటలు అన్నీ కలిసి కూర్చుంటే ఘాట్ రోడ్డు మొదటి మలుపు తిరిగేసరికి లోపలంతా వెచ్చబడేది. నీ జీపెక్కితే పొయ్యి కాడ కూకున్నట్టుంటదని ముసలమ్మలు మెచ్చుకుంటుంటే నేను వినపడనట్టు నటిస్తూ ఇంకోసారి అనిపించుకునేవాణ్ణి.

మేం జలుబు అనం, రొంప అంటాం. చలిగాలి తగిలితే రొంప పడుతుందని మా తాత నమ్మాడు, మా నాన్న నమ్మాడు, నేనూ నమ్మాను. కాబట్టి నా లెక్కలో పరదా దించడమంటే రొంపని రోడ్డు మీదే ఆపేయడం. లోపల మాత్రం ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉండేవారు. చీదిన చేత్తోనే పైకడ్డీ పట్టుకునేవారు, మలుపులో పక్కవాడు ఆ కడ్డీనే పట్టుకునేవాడు. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో ఏటా నాకు రొంప పట్టేది. ఎక్కడో పరదాకి చిరుగు పడి ఉంటుంది, గాలి దూరిందనుకుని వెతికి మరీ మాసిక వేయించేవాణ్ణి.

ఇలా ఉండగా మా అమ్మాయి పురిటికి వచ్చింది. నాకు ఒక్కతే కూతురు. గురుకులంలో ఇంటరు దాకా చదివి, పెళ్ళై పాడేరు వైపు వెళ్ళింది. ముఖం వాళ్ళమ్మది, నోరు నాది. అంటే ఒక మాట అనుకుందంటే ఇక తగ్గదు. ఆసుపత్రిలో ఆడపిల్లని కన్నది. తల్లినీ బిడ్డనీ నేనే ఇంటికి తెచ్చుకున్నాను. ఆ రోజు పది అడుగులకో గుంత ఉన్న మా ఊరి రోడ్డు మీద, ఒళ్ళోని బిడ్డ నిద్ర చెడకుండా నడిపాను. అది మా ఆవిడ ఒప్పుకున్న మాటే.

మా ఇంటి పద్ధతి ఒకటుంది. పుట్టిన బిడ్డకి మొదటి మొలతాడు అమ్మమ్మగారింటి తాతే కట్టాలి. దారం కూడా ఆయనే తొడ మీద పేనాలి. అది కట్టేదాకా ఆ తాత బిడ్డని ఒళ్ళోకి తీసుకోకూడదు. దూరం నుంచి చూడొచ్చు, అంతే. మా ఆవిడ ఒక గడ్డిపరకతో బిడ్డ నడుము కొలిచి నాకిచ్చింది. నేను సరిగ్గా ఆ కొలతకి నల్లదారం పేని, విస్తళ్ళు కుట్టే అడ్డాకులో చుట్టి, జీపు అరలో దాచుకున్నాను. మా దగ్గర మంచిరోజు చెప్పేది దిసారి. ఆయన పక్క కొండ మీద ఉంటాడు, నక్షత్రాలు చూసి చెప్తాడు. ఆయన రోజు చెప్పాడు, చుట్టాలందరికీ కబురు వెళ్ళింది. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య ఆ అడ్డాకు విప్పి దారం చూసుకుని మళ్ళీ చుట్టి పెట్టేవాణ్ణి.

రోజు దగ్గర పడుతుండగా నాకు గొంతులో గరగర మొదలైంది. మర్నాటికి ముక్కు కారడం, కళ్ళు మండడం, బుర్ర బరువు. సాయంత్రం జీపు ఆపి ఇంట్లోకి అడుగు పెట్టబోతే మా ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఒక చేతిలో వేణ్ణీళ్ళ చెంబు, ఇంకో చేతిలో నా దుప్పటి.

"అక్కడే ఆగు," అంది.

"ఏటి, నా ఇంట్లోకి నేను రాకూడదేటి?"

"ఇల్లు నీదే. నీ రొంపకి ఈ ఇంట్లో సోటు నేదు."

నాకు ఒళ్ళు మండింది. రొంపే కదా, మశూచి కాదు కదా అని అరిచాను. అరిచినందుకు దగ్గొచ్చింది. అప్పుడు లోపలి గది తలుపు చాటు నుంచి మా అమ్మాయి మాట్లాడింది. ఆసుపత్రి నుంచి పంపేముందు నర్సమ్మ చెప్పినవి అది ఊరికే తలూపి రాలేదు, అడిగి అడిగి తెలుసుకుని వచ్చింది. రొంప చలిగాలికి పుట్టదట. ఒకరి ముక్కు నుంచీ నోటి నుంచీ ఇంకొకరికి అంటుతుందట. తుంపర మీద పడినా అంటుతుంది, చీదిన చెయ్యి పట్టుకుని మన ముక్కో కన్నో నలుపుకున్నా అంటుతుంది. పెద్దవాళ్ళకి ముక్కు కారి ఊరుకునే రొంప, నెల కూడా నిండని బిడ్డకి ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు. అలాంటి బిడ్డ ముక్కు మూసుకుపోతే పాలు తాగలేదు. అందుకని రొంప ఉన్నవాళ్ళెవరైనా సరే, తాతైనా సరే, బిడ్డ దగ్గరికి రాకూడదు.

"నానా," అంది చివర్లో, "పరదాలన్నీ దించీసి ఊరందరి రొంపనీ మూటగట్టి ఇంటికి తెత్తన్నావు."

నన్నంటే పడేవాణ్ణేమో. నా జీపుని అనేసరికి పౌరుషం పొడుచుకొచ్చింది. దుప్పటి తీసుకుని వెళ్ళి జీపులో కూర్చున్నాను. ఆ రోజు నుంచి నా పడక అందులోనే. అన్నం అరుగు మీద పెట్టి మా ఆవిడ దూరం జరిగేది, నేను వెళ్ళి తీసుకునేవాణ్ణి. మిరియాల చారు మాత్రం రోజూ ఉండేది, అడగకుండానే రెండోసారి పోసేది. కోపం ఉన్నా మిరియాల చారు బాగుందని ఒప్పుకోవాలి.

రొంప పడితే నేను ఎప్పుడూ సంతలో సూది వేయించుకునేవాణ్ణి. సంచీ వేసుకుని వచ్చే ఒకాయన ఉన్నాడు. తుమ్ము వినపడితే చాలు సూది తీస్తాడు, దాంతో పాటు రంగురంగుల బిళ్ళలు కాగితంలో కట్టిస్తాడు. మొలతాడు రోజుకి ముక్కు ఆగిపోవాలని నాకు తొందరగా ఉంది. సంతలో ఆయన ముందు నిలబడి చొక్కా చెయ్యి కూడా పైకి మడిచాను. అంతలో ఎందుకో మనసొప్పక, సిగ్నల్ దొరికే చోటికి వెళ్ళి అమ్మాయికి ఫోన్ చేశాను. జ్వరం ఉందా అని అడిగింది, లేదన్నాను. ఆయాసం, గుండెల్లో నొప్పి ఏమైనా ఉన్నాయా అంది, అవీ లేవు. అయితే ఆ సూదులూ బిళ్ళలూ వేరే జబ్బులకి తప్ప రొంపకి పనిచెయ్యవు, అది వచ్చిన దారినే తగ్గుతుంది, వేణ్ణీళ్ళు తాగు, ఉప్పునీళ్ళు పుక్కిలించు, బాగా పడుకో, జ్వరం ఎక్కువై దిగకపోతే అప్పుడు ఆసుపత్రికి వెళ్దువుగాని అంది. తగ్గడానికి ఎన్నాళ్ళు అని అడిగాను. అది మన చేతిలో లేదంది. నేను చొక్కా చెయ్యి దించుకుని వచ్చేశాను. సూది ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

ఇక జీపు సంగతి. అమ్మాయి ఆ మాట అన్న మర్నాడు సెంటర్లో జనం ఎక్కాక పరదాలన్నీ పైకి చుట్టి కట్టేశాను. ముక్కుకీ నోటికీ తువ్వాలు కట్టుకున్నాను. లోపల ఒకటే గోల. ఓరి సంపేత్తావేటి, పరదా దించు అని ఒక ముసలమ్మ కర్రతో నా సీటు వెనక కొట్టింది. దుప్పటి కప్పుకోండి, గాలి ఆడనివ్వండి, తుమ్మొస్తే మోచేయి అడ్డం పెట్టుకోండి అన్నాను. ఇన్నాళ్ళూ వెచ్చగా కూర్చోబెట్టినవాడు ఇప్పుడు ఇలా అంటుంటే వాళ్ళకి ఎలా నచ్చుతుంది? రెండు రోజుల్లోనే పక్క జీపులు ముందు నిండడం మొదలైంది. నాది ఆఖర్న నిండేది, సగంతో బయల్దేరేవాణ్ణి. నాకు అవమానంగా ఉండేది. అయినా పరదా దించలేదు. ఎందుకంటే అరలో ఆ అడ్డాకు ఉంది. ఆ బిడ్డని నేను ఇంకా ఒళ్ళోకి తీసుకోలేదు.

మా అన్న వచ్చాడు. మా వంశానికి ఇప్పుడు ఆయనే పెద్ద. అరుగు మీద కూర్చుని, నా ముక్కు చూసి, విషయం తెలుసుకుని మండిపడ్డాడు. రొంప కోసం మంచిరోజు ఆపడం ఎక్కడా వినలేదన్నాడు. చుట్టాలకి ఏం చెప్పాలి, ఊరు నవ్వుతుంది, అంతగా అయితే నువ్వు పక్కన నిలబడు, నీ బదులు నేను కడతానన్నాడు. ఆయన మాట నేను ఎప్పుడూ కాదనలేదు. సరే అనడానికి నోరు తెరిచాను కూడా. గుమ్మం దగ్గర అలికిడైంది. మా అమ్మాయి బిడ్డని లోపల వాళ్ళమ్మకి ఇచ్చి, తను వచ్చి నిలబడింది.

"పెదనానా, తప్పుగా అనుకోకు," అంది. "మా నాన పేనిన దారం మా నానే కట్టాల. రొంప పోయాకే కట్టాల. రెండిట్లో ఏదీ ఒగ్గను."

మా అన్న టీ తాగకుండా లేచి వెళ్ళిపోయాడు. మా దగ్గర అది చిన్న విషయం కాదు. నాకు భయం వేసింది, అన్నకి కోపం వచ్చినందుకు బాధేసింది. కానీ వాటన్నిటి కింద ఛాతీ ఒక్కటే ఉబ్బుతూ ఉంది. ఇంత పిల్లగా ఉన్నప్పుడు నా భుజం మీద కూర్చుని సంతకి వచ్చిన గుంట, వంశానికి పెద్దని పట్టుకుని కాదంది. అదీ నాకోసం. నా ముక్కు తుడుచుకుంటూ దాన్ని అలాగే చూస్తూ ఉండిపోయాను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నేను ట్రిప్పు నుంచి వచ్చి అరుగు మీద అన్నం తింటున్నాను. లోపల బిడ్డ తుమ్మింది. వెంటనే ఇంకోటి. కాసేపాగి మళ్ళీ వరసగా తుమ్మింది. చేతిలో ముద్ద కంచంలో పడేశాను. నా రొంప గాలిలో పడి, గోడల్లోంచి దూరి దాన్ని పట్టేసిందనుకున్నాను. మా వదినగారు అక్కడే ఉంది, నాలిక మీద తేనె రాస్తే పోతుందని లేచింది. ఏడాది నిండకుండా బిడ్డకి తేనె పెట్టకూడదని మా అమ్మాయి ఆపేసింది. కంగారు పడకుండా బిడ్డ చొక్కా విప్పి పడుకోబెట్టి చూసింది. ఊపిరి తీసుకుంటుంటే పక్కటెముకల కింద గుంట పడుతోందా, ఊపిరి మరీ వేగంగా ఉందా, ఒళ్ళు కాలుతోందా, చల్లబడిందా, అన్నీ చూసింది. తర్వాత రొమ్ముకి పెట్టుకుంది. బిడ్డ గుటకలేస్తూ తాగింది.

"బానే ఉంది. అయినా నెల నిండని గుంట. ఒకసారి సూపించుకొచ్చేద్దాం, నానా, బేగి బండి తియ్యి," అంది.

చెయ్యి కడుక్కున్నానో లేదో కూడా గుర్తులేదు. బిడ్డకి ఎదురుగాలి తగలకుండా పక్కల పరదాలు మాత్రం దించి, వెనకంతా తెరిచేసి, ముఖానికి తువ్వాలు బిగించి బయల్దేరాను. మా ఆవిడ ముందు కూర్చుంది, అమ్మాయి బిడ్డని గుండెకి హత్తుకుని నాకు దూరంగా వెనక కూర్చుంది. మలుపు మలుపుకీ జనం చెయ్యెత్తుతున్నారు. ఇన్నేళ్ళలో చెయ్యెత్తిన మనిషిని వదిలేసి వెళ్ళింది ఆ ఒక్క రోజే. తర్వాత వాళ్ళంతా తిట్టారు, ఆ తిట్లు నాకు సంతోషంగానే ఉన్నాయి.

డాక్టరమ్మ చిన్న వయసావిడ. గొట్టం పెట్టి చాలాసేపు వింది. అమ్మాయిని ఏమేం చూశావని అడిగితే అది వరసగా చెప్పింది. డాక్టరమ్మ నవ్వి, గుండెల్లో ఏమీ లేదు, పసిపిల్లలు ముక్కు శుభ్రం చేసుకోవడానికి ఊరికే తుమ్ముతారు, ఇది రొంప కాదంది. తర్వాత గుమ్మం బయట నిలబడ్డ నా వైపు తిరిగి, తాతగారూ, మీ అమ్మాయి చూడాల్సినవన్నీ చూసుకునే తెచ్చింది, ఇలాగే అందరూ చూసుకుని తెస్తే మాకు చాలా పని తగ్గుతుంది అంది. నేను తువ్వాల్లో ముఖం దాచుకుని గట్టిగా చీదాను. మా ఆవిడ అనుమానంగా చూస్తే రొంప అని చెప్పాను.

ముహూర్తం ముందు రోజు మా అన్న ఏకంగా దిసారినే వెంటబెట్టుకుని వచ్చాడు. దిసారి బాగా పెద్దవాడు, కొండ దిగి వచ్చిన అలుపు తీరేదాకా అరుగు మీద కూర్చున్నాడు. మా అన్న ఫిర్యాదంతా చెప్పాడు. దిసారి నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. ఆ పిల్లని పిలవండి అన్నాడు. బాలింతని పిలిచి అభిప్రాయం అడగడం మా ఊళ్ళో నేను చూడలేదు. అది వచ్చి, నర్సమ్మ చెప్పింది, తను చూసింది, డాక్టరమ్మ అన్నది అన్నీ చెప్పింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

దిసారి మధ్యలో ఆపకుండా అంతా విన్నాడు. తర్వాత తన చిన్నప్పటి సంగతి చెప్పాడు. వానాకాలం గుడిసె తలుపులు మూసేసి, లోపల పొగ పెట్టుకుని, దగ్గేవాళ్ళూ చీదేవాళ్ళూ అందరూ పసిపిల్ల చుట్టూ కూర్చునేవారట. ముద్దు కొద్దీ ఒకరి చేతుల్లోంచి ఒకరు తీసుకునేవారట. బిడ్డ డొక్కలెగరేసి చనిపోతే గాలి కొట్టింది, దెయ్యం కొట్టింది అనుకునేవారట. ఆయన చెల్లెలు అలాగే పోయిందట.

"నచ్చత్రం మల్లీ తిరిగొత్తాది," అన్నాడు మా అన్నతో. "ఆ గుంటకేటన్నా అయితే తిరిగి రాదు. నీ తమ్ముడి ముక్కు ఆరాక నాకు కబురెట్టు. ఆ రోజే మంచిరోజు."

మా అన్న తల వంచుకున్నాడు. దిసారితో పాటు ఆయన కూడా ఆ రోజు టీ తాగాడు. చుట్టాలందరికీ మళ్ళీ కబురు వెళ్ళింది. ఒక జీపు డ్రైవరు రొంప తగ్గేదాకా మా ఊరు ఊరంతా ఆగింది. దారిలో కనిపించిన ప్రతివాడూ నమస్కారం మానేసి, ముక్కు ఆరిందా అని అడిగేవాడు. నవ్వేవారు కూడా. అయినా ఎవరూ ఆగడం మానలేదు. పెద్ద పెద్ద ఊళ్ళు చూశాను, మైదానంలో ఎంతో చదువుకున్నవాళ్ళ పెళ్ళిళ్ళకి బళ్ళు కట్టాను. ఒక పసిబిడ్డ ఊపిరి కోసం ముహూర్తం వెనక్కి జరుపుకున్న ఊరు మాది తప్ప నాకు ఇంకోటి తెలీదు.

ముక్కు ఆరింది. దగ్గు ఇంకొన్నాళ్ళు పట్టింది, అదీ పోయేదాకా మా ఆవిడ ఒప్పుకోలేదు. చివరికి ఆ రోజు వచ్చింది. గుమ్మం ముందు గంగాళం నిండా నీళ్ళు, పక్కన సబ్బు పెట్టింది. దిసారి దగ్గర్నుంచి అందరూ చేతులు కడుక్కునే లోపలికి వచ్చారు. తలుపులు, కిటికీ అన్నీ తెరిచి ఉన్నాయి. మా అన్న మాత్రం కనిపించలేదు. ఇంకా కోపం పోలేదేమోనని బయటికి చూస్తే పెరట్లో పనసచెట్టు కింద ఒక్కడే నిలబడి ఉన్నాడు, ముఖానికి తువ్వాలు కట్టుకుని. నాలుగు రోజులై తనకి రొంపట. లోపలికి రావద్దని ఎవరూ చెప్పలేదు. ఆయనే రాలేదు. వంశానికి పెద్దవాడు చెట్టు కింద నిలబడి ఉంటే దూరం నుంచే దణ్ణం పెట్టాను.

చేతులు మోచేతుల దాకా కడుక్కుని పీట మీద కూర్చున్నాను. అమ్మాయి బిడ్డని నా ఒళ్ళో పెట్టింది. అంత వెచ్చగా ఉంటుందని నాకు తెలీదు. అడ్డాకు విప్పి, ఇన్నాళ్ళూ దాచుకున్న దారం తీసి, నడుము చుట్టూ తిప్పాను. కొసలు కలవలేదు. సర్ది మళ్ళీ చుట్టాను. వేలెడు తక్కువైంది. మా ఆవిడ అయ్యో అంది. అశుభమేమోనని దిసారి ముఖం వైపు చూశాను.

"ఏటైంది?" అని పెరట్లోంచి మా అన్న కేకేశాడు.

"తాడు సాల్లేదు, పెదనానా," అంది మా అమ్మాయి నవ్వుతూ. "ఆగినన్నాల్లూ గుంట పెరిగింది."

ముందు నవ్వింది దిసారి. తర్వాత మా ఆవిడ. పనసచెట్టు కింద నుంచి మా అన్న, కొత్తది పేను, ఇన్నాళ్ళు ఆగినోళ్ళం ఇంకాసేపు ఆగలేమా అన్నాడు. బిడ్డని అమ్మమ్మకిచ్చి, అందరూ చూస్తుండగా అక్కడే తొడ మీద కొత్త దారం పేనాను. ఈసారి కొంచెం పొడుగ్గానే పేనాను. కట్టాను.

పాత దారం నా జీపు అద్దానికి వేలాడుతోంది. పరదాలు ఇప్పటికీ పైకే ఉంటాయి. చలికి తట్టుకోలేక ఎవరైనా దించమని గొడవ చేస్తే దాన్ని చూపిస్తాను. ఇది నా మనవరాలి మొదటి మొలతాడు, దానికి చాల్లేదు అని చెప్తాను.